ఒమేగాని బట్టీ పట్టించిన పాపం మనదే

పోయిన ఆదివారం మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. వాడు ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉండి ఐఐటీ కోచింగు చదువుతున్నాడు. వారానికోసారి, పది నిమిషాలు మాట్లాడనిస్తారు. మామూలుగా ఆ పది నిమిషాలూ వాళ్ళమ్మవే. ఏమన్నా మిగిలితే నాకు, అదీ క్రికెట్ స్కోరు కనుక్కోవడానికి. ఈసారి మాత్రం ముందు నాకే చేశాడు. గొంతు అదోలా ఉంది.

"మామయ్యా, నేను స్లోనా?" అన్నాడు.

ఏమైందిరా అంటే అసలు సంగతి చెప్పాడు. వీకెండు పరీక్షలో ఒక లెక్క వచ్చిందట. ఒక కణం వృత్తం మీద ఒకే వడితో తిరుగుతోంది. కేంద్రం దగ్గర నిలబడి చూస్తే దాని కోణీయ వేగం ఒమేగా. అదే వృత్తం పరిధి మీద ఒక చోట నిలబడి చూస్తే ఎంత? మావాడు బొమ్మ గీశాడు. హైస్కూలు లెక్కల్లో వృత్తాల పాఠం గుర్తొచ్చింది. ఒక చాపం కేంద్రం దగ్గర చేసే కోణం, పరిధి మీద చేసే కోణానికి రెట్టింపు. అంటే కేంద్రం నుంచి చూసేవాడికి కణం 60 డిగ్రీలు తిరిగితే, పరిధి మీద నిలబడ్డవాడికి అదే సమయంలో 30 డిగ్రీలే తిరిగినట్టు కనిపిస్తుంది. కోణం సగం, సమయం అదే, కాబట్టి కోణీయ వేగం ఒమేగాలో సగం. జవాబు కరెక్టు. పట్టిన టైము నాలుగు నిమిషాలు.

ఆ నాలుగు నిమిషాల వల్ల చివర్లో కొన్ని ప్రశ్నలు మిగిలిపోయాయి. మర్నాడు సారు పేపరు చూసి, "బొమ్మలు గీస్తూ కూర్చున్నావేంట్రా, పరిధి అనగానే సగం అని మెటీరియల్లో ఇచ్చాం కదా, పెట్టేసి ముందుకెళ్ళాలి" అన్నారట. సోమవారం నుంచి వీణ్ణి కింది సెక్షన్లోకి మార్చేశారు.

ఇప్పుడు మీరే చెప్పండి. భౌతికశాస్త్రంలో ఒక ప్రశ్నకి రేఖాగణితంలో జవాబు వెతుక్కుని, ఎవరూ చెప్పకుండా ఆ రెండిటికీ ముడి వేసిన పిల్లాణ్ణి ఏం చెయ్యాలి? నేనైతే భుజం తట్టి, ఆ రోజు సాయంత్రం ఐస్‌క్రీం కొనిపెడతాను. మన వ్యవస్థ వాడికి సెక్షను దించింది.

ఆ సారుని తిట్టడానికి నేనీ టపా రాయట్లేదు. ఆయనకీ టార్గెట్లు ఉంటాయి, మన అప్రైజళ్ళలాగే. నేను తిట్టదల్చుకుంది నన్నూ, మిమ్మల్నీ. నెలనెలా జీతం పడగానే ఆ ఫీజులు కట్టేది మనమే. మా అక్కకి ఆ కోచింగు పేరు చెప్పింది కూడా నేనే.

అసలు కోణీయ వేగం అంటే ఏంటి? ఎంత తిరిగింది, ఎంతసేపట్లో తిరిగింది. అంతే. దీనికోసం ఇంగ్లీషు అక్షరాలూ గ్రీకు అక్షరాలూ అక్కర్లేదు. 499లో ఆర్యభటుడు ఆర్యభటీయంలో ఇదే పని చేశాడు. 43 లక్షల 20 వేల ఏళ్ళ యుగంలో భూమి 158 కోట్ల 22 లక్షల 37 వేల 500 సార్లు తన చుట్టూ తాను తిరుగుతుంది అన్నాడు. ఇన్ని చుట్లు, ఇంత కాలంలో. కోణీయ వేగం కాక మరేమిటది?

అందులో ఒక తమాషా ఉంది. ఆ చుట్ల సంఖ్యలోంచి 43 లక్షల 20 వేలు తీసేస్తేగానీ ఆ యుగంలోని రోజుల సంఖ్య రాదు. అంటే ఏడాదికి రోజులెన్నో, భూమి చుట్లు అంతకంటే ఒకటి ఎక్కువ. ఎందుకంటే రోజు అనేది సూర్యుణ్ణి బట్టి లెక్క, చుట్టు అనేది నక్షత్రాలని బట్టి లెక్క. ఆయన లెక్క ప్రకారం భూమి ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4.1 సెకన్లు పడుతుంది. ఇప్పటి కొలతల ప్రకారం 4.09 సెకన్లు. అంత దగ్గరగా రావడానికి కారణం షార్ట్‌కట్ కాదు. ఎంత తిరిగింది అనడానికి ముందు, దేన్ని బట్టి తిరిగింది అని అడగడం ఆయనకి తెలుసు.

ఇదేదో పంచాంగం గోల అనుకోకండి. భూమి కోణీయ వేగం కట్టమంటే మనలో చాలామంది రెండు పై ని 24 గంటలతో భాగించేస్తాం. సెకనుకి 0.0000727 రేడియన్లు వస్తుంది. నక్షత్రాల లెక్కన అయితే 0.0000729. ఆ చివరి అంకెలో ఏముందిలే అంటారా? మన ఇంటి మీది టీవీ డిష్షు చూసే ఉపగ్రహాన్ని సరిగ్గా 24 గంటలకి ఒక చుట్టు తిరిగేలా పెడితే, అది రోజుకి దాదాపు ఒక డిగ్రీ చొప్పున పక్కకి జరుగుతూ పోతుంది. వారం తిరిగేసరికి డిష్షుకి దొరకదు. దాన్ని 23 గంటల 56 నిమిషాల లెక్కన తిప్పుతారు కాబట్టే మీ ఇంట్లో సీరియల్ ఆగకుండా వస్తోంది.

ఇక షార్ట్‌కట్ పుస్తకాల సంగతి. అందులో వృత్తాకార చలనం అధ్యాయం ఇలా మొదలవుతుంది: ఒమేగా = తీటా బై టీ, ఒమేగా = రెండు పై బై టీ, ఒమేగా = రెండు పై ఎన్, ఒమేగా = వీ బై ఆర్. నాలుగు డబ్బాలు. లెక్కలో ఏ అక్షరం ఇచ్చాడో చూడు, ఆ డబ్బా తెరువు, అంకెలు వెయ్యి, ఆప్షన్ పెట్టు. రెండు 'టీ'లూ ఒకటి కావనీ, ఒకటి గడిచిన సమయం, రెండోది ఒక పూర్తి చుట్టుకి పట్టే సమయం అనీ చెప్పే తీరిక కూడా ఉండదు.

మీ టీములో పాత ర్యాంకరు ఎవరైనా ఉంటే (ఉంటారు లెండి, మన క్యాంటీన్లలో రాయి విసిరితే ర్యాంకరుకే తగుల్తుంది) ఒక చిన్న ప్రశ్న అడగండి. వీ = ఆర్ ఒమేగా అన్న సూత్రంలో ఒమేగాని డిగ్రీల్లో వేస్తే ఎందుకు తప్పు? "రేడియన్లలోనే వెయ్యాలి" అంటారు. అది నియమం, కారణం కాదు. కారణం అడిగితే చాలామంది కాఫీ కప్పులోకి చూస్తారు. నేనూ చాలా ఏళ్ళు చూశాను.

కారణం ఒక దారం ముక్కతో తేలిపోతుంది. వృత్తం వ్యాసార్థం ఎంతో అంత పొడవు దారం కత్తిరించి దాన్ని పరిధి మీద వంచి పెట్టండి. ఆ దారం కేంద్రం దగ్గర చేసే కోణమే ఒక రేడియన్. సుమారు 57.3 డిగ్రీలు. రెండు దారాలు పెడితే రెండు రేడియన్లు. అంటే రేడియన్లలో కోణం చెప్పడమంటే, పరిధి మీద ఎన్ని వ్యాసార్థాల దూరం నడిచావో చెప్పడమే. కాబట్టి సెకనుకి ఎన్ని రేడియన్లో తెలిస్తే దాన్ని వ్యాసార్థంతో గుణిస్తే సెకనుకి ఎన్ని మీటర్లో వచ్చేస్తుంది. వీ = ఆర్ ఒమేగా అంటే ఇదే, ఇంకేం లేదు. చుట్టుకి 360 అన్నది మాత్రం మనుషులు పెట్టుకున్న అంకె. దానికీ దారానికీ సంబంధం లేదు. అందుకే అక్కడ గుణిస్తే చెత్త వస్తుంది.

ఇది తెలియకపోతే కొంపలేం మునుగుతాయి అంటారా? మన కోడులో మునుగుతాయి. ఏ లాంగ్వేజీలో అయినా సైన్ ఫంక్షన్‌కి 30 ఇచ్చి చూడండి, సగం రాదు, మైనస్ 0.988 వస్తుంది. అప్పుడు మనవాడు ఇంటర్నెట్‌లో వెతికి, పై బై 180 తో గుణించే లైను తెచ్చి అతికిస్తాడు. పని అయిపోతుంది. ఎందుకయిందో తెలీదు. రేపు ఇంకోడు వచ్చి, రెండోచోట కూడా అదే లైను అతికించి రెండుసార్లు గుణిస్తాడు. ఇలాంటి బగ్గుల కోసం నేను రాత్రిళ్ళు కూర్చున్నాను, మీరూ కూర్చునే ఉంటారు.

డబ్బాల చదువుకి ఇంకో ఉదాహరణ. "కోణీయ వేగం వ్యాసార్థానికి విలోమానుపాతంలో ఉంటుంది, ఒప్పా తప్పా?" ఒమేగా = వీ బై ఆర్ అనే డబ్బా తెరిచినవాడు ఒప్పు అంటాడు. నిజానికి ఆ ప్రశ్న పూర్తి కాలేదు. ఏది మారకుండా ఉంచారో చెప్పాలి కదా! మన సాఫ్టువేరు వాళ్ళకి దీనికి ఇంట్లోనే రెండు వస్తువులున్నాయి. 7200 ఆర్పీఎం హార్డ్ డిస్కులో పళ్ళెం ఒకే కోణీయ వేగంతో తిరుగుతుంది. సెకనుకి 120 చుట్లు, అంటే సుమారు 754 రేడియన్లు. లోపలి ట్రాకుకీ బయటి ట్రాకుకీ ఒమేగా ఒకటే, మారేది రేఖీయ వేగం. అందుకే బయటి ట్రాకుల్లో చుట్టుకి ఎక్కువ డేటా పట్టించి, అక్కణ్ణుంచి వేగంగా చదవగలుగుతారు. పాటల సీడీ దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ లేజరు కింద జారే రేఖీయ వేగం సెకనుకి 1.2 నుంచి 1.4 మీటర్ల మధ్య ఒకచోట స్థిరంగా ఉండాలి. కాబట్టి లోపల మొదటి పాట దగ్గర నిమిషానికి సుమారు 500 చుట్లు తిరిగే సీడీ, బయటి అంచుకి వచ్చేసరికి 200 దాకా తగ్గుతుంది. సూత్రం రెండిట్లోనూ ఒకటే. సీడీ విషయంలో ఒప్పు, హార్డ్ డిస్కు విషయంలో తప్పు. ఏది స్థిరమో అడగనివాడికి రెండూ ఒకే డబ్బాలా కనిపిస్తాయి.

ఇంకోటి కూడా చెప్పి నా నేరం దగ్గరికొస్తాను. రైల్వే గేటు దగ్గర పట్టాలకి 10 మీటర్ల దూరంలో నిలబడ్డారు. రైలు గంటకి 90 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకి 25 మీటర్లు, తిన్నగా వస్తోంది. తిన్నగా పోయేదానికి కోణీయ వేగమేంటి అంటారా? మీ మెడని అడగండి. రైలు ఎదురుగా దాటేటప్పుడు మీ చూపు సెకనుకి 2.5 రేడియన్ల చొప్పున, అంటే దాదాపు 143 డిగ్రీల చొప్పున తిరగాలి. అదే రైలు అర కిలోమీటరు దూరంలో ఉన్నప్పుడు సెకనుకి 0.001 రేడియన్, కదలనట్టే ఉంటుంది. ఇక్కడ గుడ్డిగా వీ బై ఆర్ వేస్తే 25 బై 500, అంటే 0.05 వస్తుంది. యాభై రెట్లు తప్పు. ఎందుకంటే మన చూపుకి అడ్డంగా ఉన్న వేగమే లెక్కలోకి వస్తుంది, మన వైపు వచ్చే వేగం రాదు. కోణీయ వేగం రైల్లో లేదు, చూసేవాడికీ రైలుకీ మధ్య ఉంది. మావాడి లెక్క కూడా అదే కదా!

ఇప్పుడు నా నేరం.

నేను కూడా ఆ డబ్బాల చదువులోంచే వచ్చాను. 2001 ఎంసెట్‌లో నాది మూడంకెల ర్యాంకు. ఊళ్ళో ఫ్లెక్సీ ఒక్కటే తక్కువ. 2011లో ఒక వెహికల్ ట్రాకింగ్ ప్రాజెక్టులో ఉన్నాను. లారీలో పెట్టిన పరికరం సెకనుకోసారి లారీ ఏ దిశలో పోతోందో పంపిస్తుంది. ఉత్తరం సున్నా, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. డ్రైవరు స్టీరింగు ఒక్కసారిగా కోసేస్తే రాష్ డ్రైవింగ్ అని అలర్టు పోవాలి. నేనేం చేశాను? ఒమేగా = తీటా రెండు మైనస్ తీటా ఒకటి, బై టీ. బట్టీ పట్టిన సూత్రం. సెకనుకి 30 డిగ్రీలు దాటితే అలర్టు. పది నిమిషాల్లో కోడు రాసి, టీ తాగడానికి పోయాను.

మూడు నెలల తర్వాత క్లయింటు సూపర్‌వైజరు ఒక డ్రైవరుతో ఫోన్లో మాట్లాడించాడు. హైదరాబాదు నుంచి నాగపూర్ వైపు లారీ తోలే పెద్దాయన. "సార్, సక్కగ పోయే రోడ్డు మీద నేనేడ తిప్పిన సార్?" అన్నాడు. అలర్టులు వచ్చిన ప్రతిసారీ అతని ఇన్సెంటివు కోస్తున్నారు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

డేటా తీసి చూస్తే తల తిరిగిపోయింది. అదే లారీ, అదే డ్రైవరు, అదే రోడ్డు. పోయేటప్పుడు అలర్టులే అలర్టులు, తిరిగి వచ్చేటప్పుడు ఒక్కటీ లేదు. కామారెడ్డి దాటాక ఆ రోడ్డు చాలా దూరం దాదాపు ఉత్తరంగా పోతుంది. లారీ కాస్త అటూ ఇటూ ఊగినా దిశ 359 నుంచి 1 కి మారుతుంది. తిరిగింది రెండు డిగ్రీలు. నా కోడు తీసివేత చేసి 358 అనేది. వచ్చేటప్పుడు దక్షిణం, 179 నుంచి 181, తేడా రెండే. అంటే నేను మూడు నెలలపాటు ఉత్తరంగా లారీ తోలినవాళ్ళందరి జీతాలు కోయించాను.

సరిచెయ్యడానికి రెండు లైన్లు చాలాయి. తేడా 180 దాటితే 360 తియ్యి, మైనస్ 180 కంటే తగ్గితే 360 కలుపు. కానీ ఆ రెండు లైన్లు తట్టాలంటే, కోణం అంటే రెండు అంకెల తేడా కాదనీ, మధ్యలో నిజంగా ఎంత తిరిగింది అన్నదనీ బుర్రలో ఉండాలి. నా బుర్రలో సూత్రం ఉంది, తిరగడం లేదు. క్లయింటు తర్వాత చాలామందికి డబ్బులు వెనక్కిచ్చాడు. ఒకతను అప్పటికే పని మానేసి వెళ్ళిపోయాడు, ఫోన్ నంబరు కలవలేదు.

అందుకే మా మేనల్లుడి నాలుగు నిమిషాలంటే నాకంత పట్టింపు. వాడు ఆ నాలుగు నిమిషాల్లో అడిగిన ప్రశ్న, అంటే ఎక్కడ నిలబడి చూస్తున్నాం, నిజంగా ఎంత తిరిగింది అన్న ప్రశ్న, నేను ఆ రోజు అడిగి ఉంటే ఆ పెద్దాయనకి ఆ ఫోన్ చెయ్యాల్సిన గతి పట్టేది కాదు.

మీరేమంటారో నాకు తెలుసు. "బాబూ, పరీక్షలో 180 నిమిషాలకి 160 ప్రశ్నలు. ఒక్కోదానికి 67 సెకన్లు. బొమ్మలు గీస్తూ కూర్చుంటే సీటు నీ మావయ్యిస్తాడా?" నిజమే. ఆ 67 సెకన్లలో గడియారం నిమిషాల ముల్లు ఏడు డిగ్రీలు కూడా తిరగదు. ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. ఆ షార్ట్‌కట్లే లేకపోతే నాలాంటి పల్లెటూరి తెలుగు మీడియం వాడికి ఇంజనీరింగ్ సీటు వచ్చేది కాదు, ఈ టపా రాసుకునే లాప్‌టాపూ ఉండేది కాదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టట్లేదు.

షార్ట్‌కట్ అంటే అడ్డదారి. అసలు దారి తెలిసినవాడికి అడ్డదారి పనికొస్తుంది, ఎక్కడో తప్పిపోయినా మళ్ళీ రోడ్డెక్కగలడు. మనం పిల్లల్ని అసలు దారి చూపించకుండానే అడ్డదారిలో దింపుతున్నాం. "పరిధి అంటే సగం" అని బట్టీ పట్టినవాడికి రేపు బిందువుని కాస్త జరిపి, పరిధికి బయట పెట్టి అడిగితే? వాడు సగమే పెడతాడు. మావాడు బొమ్మ గీస్తాడు, అక్కడ కోణీయ వేగం క్షణక్షణానికీ మారుతుందని గమనిస్తాడు. ఒకసారి దారి నడిచాక రెండోసారి వాడికి కూడా నాలుగు నిమిషాలు పట్టదు, పది సెకన్లే. ఆ మొదటిసారి నడవనివ్వడానికి మనకి ఓపిక లేదు.

ఓపిక లేనిది సారుకి కాదు, మనకి. వీక్లీ ర్యాంకు మెసేజీ రాగానే ఫోన్ చేసి "ఎందుకు తగ్గింది" అని అడిగేది మనం. "ఈ వారం ఏం అర్థమైంది" అని అడిగినవాళ్ళెంతమంది? ఆఫీసులో మనం చేసే ఇంటర్వ్యూలు కూడా ఇదే బాపతు. కోడింగ్ ప్రశ్నకి ఇరవై నిమిషాల్లో జవాబు రాసినవాణ్ణి తీసుకుంటాం. ఇన్‌పుట్ ఎక్కణ్ణుంచి వస్తోంది, హద్దులేంటి అని పది నిమిషాలు అడిగినవాణ్ణి "కాస్త స్లో" అని ఫీడ్‌బ్యాక్ రాసి పంపించేస్తాం. నేను రాశాను, ఒకసారి కాదు.

కాబట్టి నా గోల ఇది. కోచింగులు మూయించమనట్లేదు, పరీక్షలు ఎత్తెయ్యమనట్లేదు. మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే ఈ ఆదివారం ఒక గంట కూర్చోండి. గోడ గడియారం చూపించి, గంటల ముల్లు వేగంగా తిరుగుతోందా, భూమి వేగంగా తిరుగుతోందా అని అడగండి. (ముల్లే, దాదాపు రెట్టింపు. అది 12 గంటలకే చుట్టు కొడుతుంది. మీరు భూమి అనుకుంటే దిగులు పడకండి, నేనూ అలాగే అనుకున్నాను :) ఒక పళ్ళెం, ఒక దారం తీసుకుని రేడియన్ చూపించండి. ఏ లెక్క చేసినా మూడు ప్రశ్నలు అడగమనండి: ఎక్కణ్ణుంచి చూస్తున్నాం? నిజంగా ఎంత తిరిగింది? ఏది మారకుండా ఉంది? సూత్రం ఆ తర్వాత.

మా అక్కతో రాత్రి మాట్లాడాను. "ఏరా, నువ్వే చేర్పించమన్నావు, ఇప్పుడు నువ్వే తీసేద్దామంటావా?" అని కోప్పడింది. తీసెయ్యమనలేదు అక్కా, సెక్షను మారిందని వాణ్ణి ఏమీ అనకు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "వాడు చేసింది కరెక్టేనా?" అంది. కరెక్టేనన్నాను.

మావాడికి మాత్రం ఆ రోజు ఫోన్లోనే చెప్పేశాను. నువ్వు స్లో కాదురా, నీకంటే చాలా ఫాస్టుగా చేసినవాడు ఒకడు నాగపూర్ రోడ్డు మీద ఏం చేశాడో దసరా సెలవులకి వచ్చినప్పుడు చెప్తాను అని. ఎవరు మామయ్యా అన్నాడు. అప్పటికి పది నిమిషాలూ అయిపోయాయి, ఫోన్ కట్టయింది.